‘ఆసక్తి లేదు’ అని రాసిన పేజీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1994 పదో తరగతి బ్యాచ్. మా నాన్నది సూర్యాపేటలో చిన్న కిరాణా కొట్టు. నేను బ్యాంకులో పని చేస్తున్నాను. నా ఉద్యోగం ఎక్కువ భాగం కోదాడ, మిర్యాలగూడల్లోనే గడిచింది. అంటే యాభై కిలోమీటర్లు దాటి పోయింది తక్కువ. అమెరికా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ వచ్చిన మిత్రులు ఇంతమంది ఉండగా నన్నెందుకు మాట్లాడమన్నారా అని ఆలోచించాను. సంఘం వాళ్లు ఫోన్ చేసి, “బడిలో ఉన్నప్పుడు మీరు రాత్రిబడి నడిపారు కదా మేడం, సేవ గురించి నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. సరేనన్నాను. కానీ ఒక విషయం మొదటే చెప్పాలి. ఆ రాత్రిబడిలో నేను చేసిన సేవ తక్కువ. నేను నేర్చుకున్నది ఎక్కువ. అందులో మొదటి పాఠం ఒక తప్పుతో మొదలైంది. ఆ తప్పు గురించే చెబుతాను.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తొంభైల మొదట్లో దేశమంతా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. కేరళలో ఎర్నాకుళం జిల్లా 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించాక ఆ ఊపు మిగతా జిల్లాలకూ వచ్చింది. మన ఉమ్మడి నల్గొండ జిల్లాలోనూ వచ్చింది. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 44 మంది. ఆడవాళ్లలో 33 మంది కూడా లేరు. పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ల వయసు వాళ్లకు మూడు వాచకాలు, దాదాపు 200 గంటల చదువు. చెప్పేవాళ్లకు జీతం లేదు. డిగ్రీ పిల్లలు, ఇంటర్ పిల్లలు, ఆఖరికి మాలాంటి హైస్కూలు పిల్లలు కూడా చెప్పవచ్చు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా తెలుగు సారు క్లాసుకొచ్చి, “సాయంత్రం గంటన్నర ఎవరిస్తారు?” అని అడిగారు. చెయ్యెత్తాను. సేవాభావంతో కాదు. చెయ్యెత్తిన వాళ్లకు సంచీ, పలకలు, లాంతరు ఇస్తారని విన్నాను. నాకు లాంతరు కావాలి. మా ఇంట్లో కరెంటు పోతే కొట్లో దీపమే తప్ప నాకు వేరే దీపం ఉండేది కాదు.

ఆడపిల్ల చీకటి పడ్డాక బయటికి పోవడమేంటని మా నాన్న ఒప్పుకోలేదు. సారు కొట్టుకొచ్చి ఉప్పు పొట్లం కొనుక్కుని, అక్కడే నిలబడి అరగంట మాట్లాడారు. చివరికి “మా ఇంటి అరుగు మీదనే అయితే సరే” అన్నారు నాన్న. అట్లా మా అరుగు బడి అయింది.

మా వీధి చివర నుంచి కాలవ గట్టు దాకా ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నాను. ముప్ఫై మందికి పైగా వచ్చారు జాబితాలో. మొదటి వారం అరుగు మీదకు వచ్చింది తొమ్మిది మంది. నెల తిరిగేసరికి ప్రగతి నివేదిక రాయాలి. ఒక నోటుబుక్కులో గీతలు గీసి, పేరు, వయసు, కులం, హాజరు, రాకపోతే కారణం అని వరసలు పెట్టుకున్నాను. మాదిగవాడ నుంచి జాబితాలో పన్నెండు పేర్లున్నాయి. ఒక్కరూ రాలేదు. ఆ పన్నెండు పేర్ల ఎదురుగా కారణం దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఆసక్తి లేదు’ అని పన్నెండుసార్లు రాశాను.

సారు ఆ పేజీ చూశారు. కోప్పడలేదు. “ఆసక్తి లేదని వాళ్లు చెప్పారా, నువ్వు రాశావా?” అని మాత్రం అడిగారు.

నేను మాట్లాడలేదు.

“పోయి అడిగి రా” అన్నారు.

మర్నాడు పోయాను. మా ఇంటికీ ఆ వాడకీ మధ్య దూరం మూడు వందల అడుగులు ఉంటుందేమో. పధ్నాలుగేళ్లు ఆ ఊళ్లో పెరిగాను, ఆ సందులోకి అడుగుపెట్టడం అదే మొదలు. పేర్లు రాసుకునేటప్పుడు కూడా సందు మొదట్లో నిలబడి కేకేసి రాసుకున్నాను. ఇప్పుడు లోపలికి పోయాను. ఒక పెద్దమ్మ చాట చెరుగుతోంది. “అరుగు మీదికి చదువుకోను ఎందుకు వస్తలేరు?” అని అడిగాను. ఆమె చాట ఆపి నా మొహం చూసింది.

“ఏ అరుగు బిడ్డా? మీ అరుగా? మేం ఆడ ఎట్ల కూసుంటం? మీ కొట్టుకాడ ఉప్పు కొంటెనే మెట్ల కింద నిలవడి చెయ్యి జాపుతం గదా.”

అది అబద్ధం కాదు. నేను రోజూ చూస్తున్నదే. మా నాన్న పొట్లాలు పైనుంచి వాళ్ల చేతుల్లో వేసేవారు. డబ్బులు చెక్క మీద పెట్టించేవారు. చూశాను కానీ అది చదువుకు అడ్డం అవుతుందని నా బుర్రకు తట్టలేదు. పన్నెండు మందికి ఆసక్తి లేకపోవడం నాకు సహజంగా తోచింది. మా అరుగు వాళ్లది కాకపోవడం మాత్రం తోచలేదు.

ఎండలో పోయానేమో, దప్పికైంది. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. “వద్దమ్మా, దప్పిక లేదు” అన్నాను. ఆమె చెంబు నేల మీద పెట్టి, మళ్లీ చాట అందుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఆ చాట చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

సారుకు సంగతి చెప్పాను, నీళ్ల సంగతి తప్ప. తరగతిని ఆ వాడ మొదట్లో వేపచెట్టు కిందికి మార్చమన్నారు. మార్చాను. పన్నెండు మందిలో పదిమంది వచ్చారు. అయితే అరుగు మీదకు వచ్చే తొమ్మిది మందిలో ఆరుగురు మానేశారు. “అక్కడికా, మేం రాం” అన్నారు. వీళ్ల గడప వాళ్లు తొక్కకూడదు, వాళ్ల చెట్టు నీడకు వీళ్లు పోకూడదు. కొన్నాళ్లు అరుగు మీద ముప్పావుగంట, చెట్టు కింద ముప్పావుగంట చెప్పాను. ఒకటే లాంతరు అటూ ఇటూ మోసేదాన్ని.

మూడో వారమో నాలుగో వారమో ఆ పెద్దమ్మే అన్నది. పలక మీద ‘నీరు’ అని దిద్దుతూ, తల ఎత్తకుండా, “టీచరమ్మా, నా చేత నీళ్లని రాపిస్తవు, నా చెంబుల నీళ్లు తాగవు” అన్నది. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ రోజు అడిగి తాగాను.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మా నానమ్మకు మడి. ఎవరు చెప్పారో ఏమో, ఇంటికి పోయేసరికి గుమ్మంలో నీళ్ల బకెట్ పెట్టి నిలబడింది. స్నానం చేస్తేనే లోపలికి అన్నది. నేను ఎదురు చెప్పలేదు. నెత్తిన నీళ్లు పోసుకుని లోపలికి పోయాను. ఆ తర్వాత చాలా రోజులు అదే జరిగింది. అక్కడ చెంబు నీళ్లు తాగేదాన్ని, ఇక్కడ బకెట్ నీళ్లు పోసుకునేదాన్ని. ధైర్యం ఒక్కరోజులో రాదు. నాకు రాలేదు.

ఇక ఆ నోటుబుక్కులో కులం అనే వరస నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో చెబితే మీరు నవ్వుతారు. ఒకామె పేరు సైదమ్మ. ఆ పేరున్నవాళ్లు మన ప్రాంతంలో వేలమంది ఉన్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నేను ఆమెను అడగకుండానే ముస్లిం అని రాసేశాను. చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది. “నేను గొల్లోళ్ల బిడ్డను! మా అమ్మకు పిల్లలు నిలవకపోతే జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకున్నది. అందుకే ఈ పేరు” అన్నది. హుజూర్‌నగర్ అవతల పాలకీడు దగ్గరున్న జాన్‌పహాడ్ దర్గాకు ఉర్సు నాడు ఏ మతం వాళ్లు ఎంతమంది వస్తారో ఈ సభలో సగం మందికి తెలుసు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, ఈ పేర్లన్నీ ఆ మొక్కుల పేర్లే. మన పక్కింటి పేరు వెనకున్న కథ మనకు తెలియదు.

ఇంకొక అక్క ఉండేది. ఇంట్లో తెలుగే, వాకిట్లో ముగ్గు, మాటలో ఎక్కడా ఉర్దూ లేదు. ఆమెను బీసీ హిందువు అని రాసుకున్నాను. ఆమె దూదేకుల అక్క. భర్త పరుపులు కుడతాడు. “మేం తురకోళ్లమే గానీ మాకు ఉర్దూ రాదు” అన్నది. ముస్లిం అంటే ఉర్దూ మాట్లాడాలన్నది నా లెక్క. అదే తరగతిలో ఉర్దూ తప్ప తెలుగు సరిగా రాని మరో అక్క కూరగాయల మార్కెట్లో తట్ట పెట్టుకునేది. అంకెలు ఉర్దూలో లెక్కపెట్టి తెలుగులో రాసేది. నోటిలెక్కలో నన్ను ఎప్పుడూ ఓడించేది. కిలోంబావు టమాటాలకు ఎంత అని నేను పలక మీద గుణించేలోపల ఆమె చిల్లర తిరిగి ఇచ్చేసేది. ఆమె దగ్గర నేను నేర్చుకున్న ఉర్దూ ముప్ఫై ఏళ్ల తర్వాత పనికొచ్చింది, అది తర్వాత చెబుతాను.

వాచకంతోనూ తిప్పలే. బొమ్మ చూపించి మాట చెప్పించి, ఆ మాటలోంచి అక్షరం విడదీయాలి. అది పద్ధతి. చొక్కా బొమ్మ గీసి ఇదేంటమ్మా అంటే “అంగి” అనేవాళ్లు. ఉల్లిపాయ గీస్తే “ఉల్లిగడ్డ”. వెల్లుల్లి అంటే “ఎల్లిగడ్డ”. నేను “కాదు, చొక్కా అనాలి” అని దిద్దాను. రెండు రోజులు చూసి ఆ పెద్దమ్మే, “మరి మేం పుట్టిన కాడికెల్లి తప్పే మాట్లాడుతున్నమా?” అని అడిగింది. పుస్తకంలోని తెలుగు రైటు, వాళ్ల నోట్లోని తెలుగు తప్పు అని నాకెవరు చెప్పారు? నేనే ఇంట్లో అంగి అంటాను! సారును అడిగితే, “అంగిలోంచి ‘అం’ రాదా?” అన్నారు. ఆ రోజు నుంచి మా పలకల మీద అంగి కూడా ఉంది, చొక్కా కూడా ఉంది.

అదే ఏడు డిసెంబరు. 1992. దేశమంతా అలజడిగా ఉన్న రోజులు. మన వీధిలో ఏమీ జరగలేదు. కానీ భయం ఉండింది. దూదేకుల అక్క, మార్కెట్ అక్క ఇద్దరూ తరగతికి రావడం మానేశారు. నేను నోటుబుక్కు తీశాను. కారణం అన్న చోట పెన్ను ఆగింది. ఈసారి అడగకుండా రాయకూడదని తెలుసు. కానీ పోయి అడగడానికి నాకే భయం. అప్పుడు సైదమ్మా, మాదిగవాడ పెద్దమ్మా కలిసి లాంతరు పట్టుకుని, “వాళ్లు రాకపోతే మనమే పోదాం పా” అన్నారు. అందరం పోయి దూదేకుల అక్క వాకిట్లో కూర్చున్నాం. వారం రోజులు తరగతి అక్కడే. ఆ వారంలో అరుగు మీద నుంచి మానేసిన ఆరుగురిలో ముగ్గురు కూడా వచ్చారు. ఎవరూ ఏ ప్రసంగమూ చేయలేదు. ‘ళ’కీ ‘ల’కీ తేడా దిద్దుకుంటూ కూర్చున్నారు. అంతకంటే పెద్ద శాంతి సభ నేను ఇంతవరకూ చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక వారం తరగతి ఖాళీ. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర. రెండేళ్లకోసారి వచ్చే జాతర. సైదమ్మ గంప నెత్తిన పెట్టుకుని, గజ్జెల లాగుల వాళ్ల వెనక “ఓ లింగా” అంటూ పోయింది. నన్నూ రమ్మన్నది. దర్గా పేరున్న మనిషి లింగయ్య గట్టెక్కుతుంటే వెనక నేను. నోటుబుక్కులో ఆమెను ఏ గీతల మధ్య ఇరికించాలో నాకు తెలియలేదు. ఆ ఏడాది సగంలో ఆ వరసకు పేరు పెట్టడమే మానేశాను.

మే నెలలో మాకు సెలవు. నేను మిర్యాలగూడ అవతల మా మేనత్త ఊరికి పోయాను. అక్కడికి దగ్గర్లో ఒక తండా. సారు ఉత్తరం ఇచ్చి, అక్కడ చెప్పే అబ్బాయికి సాయం చేయమన్నారు. ఇరవై రోజులు పోయాను. నేను అప్పటికి తొమ్మిది నెలల అనుభవం ఉన్న టీచరమ్మను కదా, గర్వంగా పోయాను. మొదటి రోజు ‘అమ్మ’ అని రాశాను. ఎవరూ పలకలేదు. వాళ్లకు అమ్మ అంటే ‘యాడి’. నీళ్లంటే ‘పాణి’. వాళ్లు తెలుగు అక్షరాలు నేర్చుకోవడం లేదు, ముందు తెలుగు నేర్చుకుంటున్నారు. మనకు ఒక పని, వాళ్లకు రెండు. అది తెలియక ‘తండా వాళ్లకు చదువు ఎక్కదు’ అంటుంటారు.

ఆ అబ్బాయి తండా పిల్లవాడే. తెలుగు అక్షరాలతో ‘యాడి’ అని రాశాడు. అందరూ ఒక్కసారి పలికారు. లంబాడీ మాటకు సొంత లిపి లేదు. మన లిపిలో వాళ్ల అమ్మ కనిపించేసరికి ఒక ముసలమ్మ పలక దగ్గరికొచ్చి దాన్ని వేలితో తడిమింది. ఆ తండా పెద్దాయన చెప్పేవాడు, వాళ్ల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన బంజారాలని. మా నాన్న కొట్లోని ఉప్పు వాళ్ల తాతల దారిలో వచ్చిందన్నమాట. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆ పక్కనే పారుతుంది. పల్లంలో పచ్చగా వరి. మెట్ట మీదున్న ఆ తండాకు మాత్రం ఆ నీళ్లెక్కలేదు. తండా ఆడవాళ్లు ఆ పచ్చటి పొలాల్లోకే నాట్లకు పోయేవారు. కాలువ అందరిదీ అని పాఠంలో చదివాను. నీళ్లు పల్లానికి పోతాయని అక్కడ చూశాను.

జూన్‌లో బడి తెరవడానికి ముందు పరీక్ష. ఎక్కడ పెట్టాలి? అరుగు మీదా, చెట్టు కిందా? సారు హెడ్మాస్టరు గారితో మాట్లాడి, మన బడిలోనే పెట్టించారు. పడమటి వైపు పెంకుల షెడ్డు, ఇప్పుడు అక్కడ సైన్సు ల్యాబు ఉంది. బల్లలు వరసగా వేసి, పేర్లు అక్షర క్రమంలో రాసి అంటించాం. అక్షర క్రమం కదా, దానికి కులం తెలియదు. మా వీధి ఆమె పక్కన మాదిగవాడ పెద్దమ్మ, ఆమె పక్కన మార్కెట్ అక్క. ఎవరైనా లేచిపోతారేమోనని నా గుండె కొట్టుకుంది. ఎవరూ లేవలేదు. పరీక్ష భయం అందరికీ ఒకటే. ఒకామె మరొకామె కాగితంలోకి తొంగిచూస్తే సారు నవ్వి ఊరుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఈ ఊళ్లో వాళ్లందరూ ఒక బల్ల మీద కూర్చోగలిగిన చోటు ఆ రోజుకి మన బడి ఒక్కటే.

లెక్క కూడా చెప్పాలి. మొత్తం పంతొమ్మిది మంది నిలిచారు. పదకొండు మంది పరీక్షకు వచ్చారు. ఏడుగురు పాసయ్యారు. ఆ ఏడుగురిలోనూ కొందరు తర్వాత మరిచిపోయారు. చదవడానికి చేతిలో ఏమీ లేకపోతే అక్షరం ఎన్నాళ్లు నిలుస్తుంది? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతిలో కూర్చుని మాట్లాడుకుని సారా దుకాణం మూయించిన సంగతి మీకు తెలుసు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మా తరగతి అంత పని చేయలేదు. కానీ మాదిగవాడ పెద్దమ్మ ఒక పని చేసింది. ఒకరోజు మా కొట్టుకొచ్చి, ఖాతా పుస్తకం చూపించమని మా నాన్నను అడిగింది. తన పేరు వెతికి చదువుకుంది. అంకెలు కూడింది. రెండు రూపాయలు ఎక్కువ పడ్డాయి. నాన్న దిద్దారు. ఆ రోజు నుంచి ఆయన ఆమెకు పొట్లం చేతికి అందించారు. మెట్ల కింద నుంచి కాదు, మెట్ల మీద నుంచి.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు గడిచాయి. 2003లో కోదాడ బ్రాంచిలో చేరాను. కోదాడ ఎట్లాంటి ఊరో మీకు చెప్పనక్కర్లేదు. హైవే మీద సరిహద్దు ఊరు. సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలాక అటు నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. కౌంటర్ ముందు ఒకరు “ఏవండీ” అంటే ఇంకొకరు “ఓ మేడం, జర సూడు” అంటారు. ఇటువైపు వాళ్లు ‘ఏవండీ’ని వెక్కిరించేవారు, అటువైపు వాళ్లు ‘జర’ను వెక్కిరించేవారు. నాకు మాత్రం అంగీ చొక్కా గుర్తొచ్చేవి.

అక్కడ ఒకరోజు పింఛను డబ్బుకు ఒక అవ్వ వచ్చింది. మా గుమస్తా అలవాటుగా ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు. ఆమె బొటనవేలు ముంచింది. నాకేం తోచిందో, “అవ్వా, సంతకం వచ్చా?” అని అడిగాను. “వస్తది బిడ్డా. రాత్రిబడిల నేర్చుకున్న.” “మరి పెట్టవేం?” “నన్నెవరడిగిన్రు?” అన్నది.

పదేళ్ల తర్వాత నా నోటుబుక్కు పేజీ నా కౌంటర్ మీదకే వచ్చింది. ఆ రోజు నుంచి మా దగ్గర ప్యాడ్ ముందు పెట్టేది లేదు. ముందు పెన్ను, తర్వాతే ప్యాడ్.

2020లో నేను మిర్యాలగూడలో ఉన్నాను. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మన పూర్వ విద్యార్థులం వాట్సాప్‌లో డబ్బులు పోగు చేసి, మిల్లుల్లో చిక్కుకున్న బీహార్ హమాలీలకు బియ్యం, పప్పు, చింతపండు పొట్లాలు కట్టాం. పంచడానికి పోయిన కుర్రాళ్లు సగం పొట్లాలు వెనక్కి తెచ్చారు. “తీసుకోవట్లేదు మేడం, ఇంట్రెస్ట్ లేదు వాళ్లకి” అన్నారు. అదే మాట! ఈసారి నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. పాసు తీసుకుని పోయాను. మార్కెట్ అక్క నేర్పిన ఉర్దూతో అడిగాను. వాళ్లు చెప్పింది ఇది: మిల్లులో ఉన్నాం, బియ్యం మిల్లాయనే ఇచ్చాడు. చింతపండు మేం తినం. గోధుమపిండి, ఆలుగడ్డలు, ఆవనూనె కావాలి. ఫోన్లో రీఛార్జి కావాలి, ఇంట్లో వాళ్లు ఏడుస్తున్నారు. రైలు ఎప్పుడు నడుస్తుందో చెప్పేవాళ్లు కావాలి.

బియ్యం మిల్లుల ఊళ్లో మేం బియ్యం పంచబోయాం. చూడండి మా తెలివి! తర్వాత పిండీ ఆలుగడ్డలూ కొన్నాం, రీఛార్జులు చేయించాం. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలాక, వీళ్ల పేర్లు నమోదు చేయడానికి కూర్చున్నాం. ఒక కుర్రవాడి కాగితంలో మావాళ్లెవరో ‘నిరక్షరాస్యుడు’ అని రాశారు. అతను తెలుగు చదవలేకపోయాడట. అతని జేబులో హిందీ పుస్తకం ఉంది. ఇంటర్ దాకా చదివాడు. తెలుగు రానివాడు నిరక్షరాస్యుడైతే, అతని ఊళ్లో దిగిన మరుక్షణం నేనేమిటి? ఆ మాట కొట్టేసి ఆ కుర్రవాడికి నమస్కారం పెట్టాను.

గురువులకూ సంఘం పెద్దలకూ ఒక విన్నపం చేసి ముగిస్తాను. స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని చర్చ నడుస్తోంది. గేటు కట్టించండి, ల్యాబు బాగు చేయించండి, సంతోషం. దానితోపాటు పిల్లల్ని మళ్లీ బయటికి పంపండి. ఇప్పుడు ‘ఉల్లాస్’ పేరుతో కేంద్ర ప్రభుత్వ వయోజన అక్షరాస్యత కార్యక్రమం ఉంది. పదిహేనేళ్లు దాటిన వాళ్లకు చదువు చెప్పడానికి విద్యార్థులే వాలంటీర్లు కావచ్చు. ఇవాళ్టి అవసరాలు వేరు. ఫోన్లో డబ్బు పంపడం, మందు చీటీ చదవడం, ఆసుపత్రి బోర్డు చదవడం. మన ఊళ్లోనూ బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలకు తెలుగు కావాలి, మన పిల్లలకు వాళ్ల కథలు కావాలి. పంచిపెట్టి ఫోటో దిగి వచ్చే సేవ అరగంటలో అయిపోతుంది. నేను చెప్పేది ఏడాది పాటు ఒకే ఇంటికి పోయి కూర్చునే పని. అందులో మీ పిల్లలు కొన్నిసార్లు తప్పు చేస్తారు. చేయనివ్వండి. సారు నన్ను చేయనిచ్చారు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

ఆ సారు ఇప్పుడు మన మధ్య లేరు. మాదిగవాడ పెద్దమ్మ కూడా లేదు. ఆమె మనవరాలు మన బడిలోనే చదివి ఇప్పుడు నర్సుగా పని చేస్తోంది. నిన్న ఫోన్ చేసి, ఈ సభలో వాళ్ల నాయనమ్మ గురించి చెబుతానన్నాను. “చెప్పండి మేడం. కానీ నీళ్ల సంగతి కూడా చెప్పండి, దాచకండి. మా నాయనమ్మ అది జీవితమంతా చెప్పుకుంది” అన్నది. చెప్పాను. దాచలేదు.

ఇదిగో ఆ నోటుబుక్కు. ముప్ఫై ఏళ్లు మా ఇంటి అలమరలో ఉంది. బడి లైబ్రరీకి ఇస్తున్నాను. మూడో పేజీలో పన్నెండుసార్లు ‘ఆసక్తి లేదు’ అని ఉంటుంది. కొట్టేయలేదు, అట్లాగే ఉంచాను. బయటికి పోయే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ముందు ఆ పేజీ చూపించండి.